నీళ్ళ చిరునామా

డాక్టర్ పరాంకుశం సీసా పైకెత్తి వెలుగుకి పట్టి, "చూడండి, ఇందులో ఏమీ లేదనుకుంటున్నారు కదూ?" అన్నాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు అవునన్నట్టు తలలూపారు. వాళ్ళ తలల్లోనూ అంతే ఉందనుకుంది నూకరత్నం.

ఆవిడ వేదిక మీద ఒక పక్కగా, యంత్రం దగ్గర నిలబడి ఉంది. యంత్రం ఆవిడదే. పేరు మాత్రం పరాంకుశం పెట్టాడు, జలముద్ర అని. విశాఖ సముద్ర సూక్ష్మజీవ కేంద్రానికి డైరెక్టరు కాబట్టి పేరు పెట్టే పని ఆయనది, తక్కిన పని ఆవిడది. ఆయన జీవితంలో సూక్ష్మదర్శినిలోకి తొంగి చూసింది ఫొటోగ్రాఫరు చూడమన్నప్పుడే. సీసాలో ఉన్నవాటి పేరైనా సరిగ్గా పలకలేడు. డయాటమ్ అనమంటే 'డయాటం బాంబు' అన్నట్టు పలుకుతాడు.

"ఈ ఒక్క సీసాలో లక్షల కొద్దీ సూక్ష్మ శైవలాలున్నాయి. అంటే నాచు. కంటికి కనపడని నాచు. మా జలముద్ర వాటిని చూసి, ఈ నీళ్ళు ఎక్కడివో చెప్తుంది. మనిషికి ఆధార్ ఎలాగో నీళ్ళకి ఇది అలాగ!"

చప్పట్లు కొట్టారు. ఆధార్ అన్న మాట వినపడితే చప్పట్లు కొట్టాలని వాళ్ళకెవరో నేర్పినట్టుంది.

నూకరత్నం సీసా అందుకుని ఒక చుక్క యంత్రం నోట్లో వేసింది. లోపల సన్నటి వెలుగు తిరిగింది. తర్వాత టీవీలో వార్తలు చదివే అమ్మాయి గొంతుతో యంత్రం పలికింది: "ఈ నమూనా వంశధార సంగమానికి తూర్పున, తీరానికి దగ్గరగా తీసినది." ఆ గొంతు పెట్టించింది కూడా పరాంకుశమే. ఇంకో సీసా పోస్తే గోదావరి నోటి దగ్గరిదంది. మూడోది నడిసముద్రపు నీలి నీళ్ళంది. సీసాలు తెచ్చిన పడవవాళ్ళు లేచి, నిజమే, అక్కడివేనన్నారు. ఈసారి చప్పట్లకి కాస్త అర్థముంది.

సముద్రమంటే ఒకటే ఉప్పునీళ్ళనుకునేవాళ్ళంటే నూకరత్నానికి చదువుకునే రోజుల నుంచీ ఏవగింపు. ఏటి నోటి దగ్గర గొలుసుల్లా అల్లుకునే జాతులుంటాయి. అడుగు నుంచి చల్లనీళ్ళు పైకి ఉబికే చోట గాజు పెట్టెల్లాంటివి కిక్కిరుస్తాయి. తిండి దొరకని నీలి నీళ్ళలో చిన్నాచితకవి మాత్రమే బతుకుతాయి. ఊరూరికీ మనుషుల కలగలుపు వేరైనట్టే, నీటికీ నీటికీ వీటి కలగలుపు వేరు. ఆ కలగలుపుని చదవగలిగితే నీళ్ళ చిరునామా తెలిసినట్టే. అది చెయ్యడానికి ఆవిడ బంగాళాఖాతమంతా తేలుడు బుడ్డీలు వదిలింది. అవి నీటితో పాటు తిరుగుతూ, ఎక్కడ ఏ నాచు ఎంత ఉందో కబురు పంపేవి. ఆ కబుర్లతో పటం తయారైంది. యంత్రం చుక్కని చూసి పటంలో దాని ఊరు వెతుకుతుంది. అంతే సంగతి.

సభలో తీర సంరక్షణ మండలి అధ్యక్షుడు ఒక ప్రశ్న అడిగాడు. "ఇది మాకెందుకు?"

పరాంకుశం బిక్కమొహం వేసి ఆవిడ వైపు చూశాడు. ఆ చూపు చూడ్డం నూకరత్నానికి ఇష్టం. నెమ్మదిగా మైకు అందుకుంది.

"చేపలు నాచు తింటాయి. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, వీటి పొట్టలో ఉన్నది చూస్తే అవి ఎక్కడ మేశాయో చెప్పొచ్చు. అంటే ఎక్కడ పట్టారో చెప్పొచ్చు."

అధ్యక్షుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చేపలు గుడ్లు పెట్టే మేర ఒకటి మండలి నిషిద్ధ జలాలుగా ప్రకటించి చాలాకాలమైంది. అక్కడ వల వేసేవాళ్ళని పట్టుకోలేక తల పట్టుకుంటున్నాడాయన. ఇప్పుడు చేపే వచ్చి సాక్ష్యం చెప్తుందంటే ఎవడికి చేదు?

*

నిషిద్ధ జలాల్లో మేసిన చేప దొరికితే పడవ జప్తు అని చట్టం వచ్చింది. అది రాగానే పరాంకుశం ఆవిడని గదిలోకి పిలిచాడు.

"రత్నంగారూ, పటం ఖాయం చేసేద్దాం."

"ఖాయం చెయ్యడమేంటి సార్? నీళ్ళు కదుల్తాయి. పటం ఏ రోజుది ఆ రోజే గీయాలి. వానలు వెళ్ళాక ప్రవాహం తిరగబడుతుంది. తుఫాను వస్తే మొత్తం కలిసిపోతుంది. బుడ్డీలు అందుకేగా వదిలింది?"

"రోజుకో పటమంటే కోర్టు ఒప్పుకోదమ్మా. హద్దంటే హద్దే. మన పొలానికి సర్వే రాయి రోజూ నడుస్తుందా?"

"పొలం నడవదు సార్."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు మంచి పళ్ళవాడి నవ్వు. తన మాటలో తప్పుందేమోనని ఎప్పుడూ అనుమానపడనివాడి నవ్వు. అప్పటికి ఉన్న పటాన్నే గెజిట్‌లో అచ్చు వేయించారు. సముద్రాన్ని గెజిట్‌లో వేసిన మొదటి దేశం మనదేనని పేపర్లో రాశారు కూడా. ఇంక పటం ఉంది కదా అని కొత్త బుడ్డీలు వదలడం మానేశారు.

నూకరత్నం పోట్లాడలేదు. మూర్ఖుడితో పోట్లాడితే వాడి ఎత్తుకి దిగాలని ఆవిడ సిద్ధాంతం. పైగా ప్రశాంతంగా ఉన్న కాలంలో పటం బాగానే పనిచేస్తోందని తనే పరీక్షించి చూసుకుంది. యంత్రం చేపల రేవుల్లోకి వెళ్ళింది. దేశదేశాల వాళ్ళు ఉత్తరాలు రాశారు. సభల్లో ఆవిడ మాట్లాడుతుంటే, ఈ నల్లటి మనిషి, జాలరిపేట పిల్ల, మైలపల్లి నూకరత్నం ఇంత చేసిందా అని వెనక వరసల్లో గుసగుసలాడుకోవడం వినపడేది. వినపడనట్టు ఉండటం ఆవిడకి బాగా అలవాటు.

*

కొత్తరేవులో ఆవిడ అన్న ఎల్లాజీ ఇల్లు. ఇసక దిబ్బ దిగితే ముందు వచ్చేది అదే. అమ్మానాన్నలు పోయాక నూకరత్నానికి పుట్టిల్లంటే ఆ ఇల్లే. ఆ ఆదివారం వెళ్ళేసరికి ఎల్లాజీ అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. వేటకి వెళ్ళే మనిషి పట్టపగలు ఊరికే కూర్చోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"పడవేదన్నా?"

"అట్టుకుపోనారు."

"ఎవరు?"

లోపలి నుంచి వదిన పోలమ్మ బయటికొచ్చింది. చేతులు చేప నెత్తురుతో ఉన్నాయి. "ఎవులేటి? నీ మిసనే అట్టుకుపోయింది. కవళ్ళ పొట్ట కోసి దాని నోట్లో ఎట్టారు. అదేమో నిసిద్దం, నిసిద్దం అని ఆడగొంతుతో కూసింది. పడవ తాడేసి లాక్కుపోనారు."

"నిషిద్ధంలోకి ఎందుకెళ్ళావన్నా?"

ఎల్లాజీ తల తిప్పి చెల్లెలి వైపు చూశాడు. "నానెల్లలేదే రత్తాలా. మన ఊరి దీపస్తంభం అగుపడతానే ఉంది. ఆ దూరంలోనే వలేసినాను."

"యంత్రం అబద్ధమాడదు."

"అయితే నానాడతన్నానా?"

ఎల్లాజీ చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి ఎన్ని అబద్ధాలాడాడో ఆవిడకి గుర్తొచ్చింది. తనకి చదువుంది, వీళ్ళకి లేదు. వీళ్ళకి పట్టుబడితే ఏడవడం తప్ప చేపల గుడ్లు, మేర, రేపటి వేట, ఇవేం పట్టవు. అప్పటికి వానలు వెనక్కి తగ్గి నెలవుతోంది. ప్రవాహం తిరగబడే కాలం. పరాంకుశానికి చెప్పిన ఆ మాట ఆ అరుగు మీద ఆవిడకి మాటవరసకైనా తట్టలేదు. ఎదుటివాడు తక్కువవాడని తేల్చేసుకున్నాక ఇంక ఆలోచించాల్సిన పనేముంది?

"సరేగాని, ఒకటి సెప్పు," అన్నాడు ఎల్లాజీ. "పెద్ద ఓడలోల్లు ఆ మేరలోనే నెలలకొద్దీ ఉంటన్నారు. ఆల్లని నీ మిసను ఏటీ అనదేటి?"

"వాళ్ళ చేపలూ పరీక్షిస్తారు."

పోలమ్మ పెద్దగా నవ్వింది. "పొట్టలేవమ్మా ఆల్ల సేపలకి? ఓడ మీదే కోసి, కడిగి, గడ్డకట్టించి తెస్తారు. పేగులు సముద్దరంలోనే పారేస్తారు. పొట్ట లేని సేపకి పాపం లేదు. మాకే ఉన్నాయి పొట్టలు."

నూకరత్నానికి ఆ మాట తగిలింది. నిజమే కదా, ఇది ఎవరికీ తట్టలేదా? తట్టే ఉంటుంది. తట్టినవాడే ఓడవాళ్ళ విందులో కూర్చుని ఉంటాడు. కానీ పోలమ్మ నోటి నుంచి వచ్చిన మాటకి తలూపడం ఆవిడకి చేతకాలేదు.

"దొంగతనం చెయ్యనివాళ్ళకి భయమెందుకు వదినా?" అంది.

పోలమ్మ నవ్వు ఆగిపోయింది. "కూర ఉడికింది. తిని ఎల్లు," అని లోపలికి పోయింది.

ఆ రోజు ఆవిడ తినకుండానే వెళ్ళింది.

*

జరిమానా కట్టి పడవ విడిపించుకున్నాక ఎల్లాజీ కూడా పెద్ద ఓడలవాళ్ళలాగే చెయ్యడం మొదలుపెట్టాడు. కొత్తరేవంతా అదే పని. నిజంగా నిషిద్ధంలో పట్టినా, ఇంటి ముందు పట్టినా యంత్రం ఏమంటుందో తెలీదు కాబట్టి, నడినీళ్ళలోనే చేపల కడుపులు కోసి పేగులు పారబోసి రేవుకి రావాలి. ఓడలో దానికి యంత్రాలున్నాయి, పెద్ద గదులున్నాయి. ఫైబర్ పడవలో ఉన్నది ముగ్గురు మనుషులు, మూడు కత్తులు. వలలో పడిన కవళ్ళన్నీ కోసేసరికి పొద్దు వాలేది.

అల్పపీడనం కబురు ముందే వచ్చింది. పడవలన్నీ మధ్యాహ్నానికే తిరిగి రావాలన్నారు. కొన్ని వచ్చాయి. ఎల్లాజీ పడవ నిండా చేపలున్నాయి, సగం కొయ్యలేదు. కొయ్యకుండా వెళ్తే పడవ పోతుంది. ఈసారి విడిపించుకునే దారి లేదు. "బేగి కానియ్యండి, ఓ గంటలో ఎల్లిపోదాం," అన్నాడట. ఆ మాట బతికొచ్చిన ఇద్దరు కళాసీలు చెప్పారు. గాలి ఆ గంట ఇవ్వలేదు. పడవ తిరగబడింది. వాళ్ళిద్దరూ ఐసు పెట్టె పట్టుకుని తేలారు. ఎక్కడ తిరగబడిందో వాళ్ళకీ తెలీదు, ఎటు చూసినా వాన తప్ప ఏమీ కనపడలేదన్నారు.

ఎల్లాజీ శవం గాలి తగ్గాక భీమిలికి అవతల ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

వేటలో పోయినవాడి కుటుంబానికి మండలి సాయం చేస్తుంది. నిషిద్ధ జలాల్లో పోతే మాత్రం చెయ్యదు. చట్టాన్ని మీరి చచ్చినవాడికి పరిహారమేంటని చట్టం రాసినవాడికి అనిపించి ఉంటుంది. పోస్టుమార్టం చేసిన డాక్టరు ఎముక మూలుగ కొంచెం తీసి, ముద్ర వేసి కేంద్రానికి పంపించాడు.

మునిగిపోయేవాడు ఊపిరితో పాటు నీళ్ళు పీలుస్తాడు. గుండె ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి నీళ్ళలోని నాచు నెత్తురులో పడి ఎముకల దాకా వెళ్తుంది. శవాన్ని నీళ్ళలో పడేస్తే అలా వెళ్ళదు. అందుకే మూలుగలో ఏ నాచుందో చూస్తే, మనిషి ప్రాణం ఏ నీళ్ళలో పోయిందో తెలుస్తుంది. ఆ ఉపాయం కూడా నూకరత్నం ఒక సభలో గొప్పగా చెప్పిందే. ముందు వరసలవాళ్ళు ఇలాంటివి మాత్రం బాగా గుర్తుపెట్టుకుంటారు.

పరాంకుశం ఆవిడ గదికి వచ్చాడు. మొహాన్ని దుఃఖానికి తగ్గట్టు సర్దుకుని వచ్చాడు.

"చాలా విచారకరం. మీరు ఇంటి దగ్గర ఉండండి. రక్తసంబంధం కాబట్టి ఈ పరీక్ష ఇంకెవరితోనైనా చేయిద్దాం."

"ఇంకెవరున్నారు సార్ ఇక్కడ?" అంది ఆవిడ. "మీరు చేస్తారా?"

ఆవిడ ముద్ర చింపింది.

గాజు పలక మీద అన్న ఎముకలోంచి తీసిన చుక్క. సూక్ష్మదర్శినిలోకి చూసింది. యంత్రానికి ఇవ్వకముందు తన కళ్ళతో చూసుకోవడం ఆవిడ అలవాటు. వెలుగులో చిన్న చిన్న గాజు పెట్టెలు మెరిశాయి. వాటి గోడల మీద పుట్టుకతో వచ్చిన చుక్కల వరసలు, ఎవరో ఓపిగ్గా ముగ్గు పెట్టినట్టు. ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలవగలదు. ఇవి ఒడ్డు నీళ్ళలోవి కావు. నిషిద్ధ జలాల్లో, చల్లనీళ్ళు ఉబికే మేరలో ఉండేవి. ఆవిడ కళ్ళు ఎందుకో పదే పదే మసకబారాయి. అద్దం తుడిచి మళ్ళీ చూసింది. తప్పు అద్దంలో లేదు.

యంత్రం అదే చెప్పింది. టీవీ అమ్మాయి గొంతుతో, హుషారుగా.

నానెల్లలేదే రత్తాలా.

ఆవిడ లేచి బకెట్ పట్టుకుని కేంద్రం వెనక ఉన్న ఒడ్డుకి నడిచింది. తుఫాను పోయిన సముద్రం ఇంకా మట్టిరంగులోనే ఉంది. మోకాళ్ళ లోతులో నిలబడి నీళ్ళు ముంచుకొచ్చింది. చుక్క పలక మీద పెట్టి చూసింది. అవే పెట్టెలు. అవే ముగ్గులు. నిషిద్ధ జలాలు కేంద్రం వెనక పెరట్లోకి వచ్చి ఉన్నాయి. గాలి తోసిందో, ప్రవాహం తెచ్చిందో, రెండూ కలిశాయో, ఆ దూరపు నీళ్ళన్నీ ఒడ్డుకి చేరాయి. యంత్రానికి చుక్క వేస్తే గెజిట్ పటం చూసుకుని, తీరానికి చాలా దూరం అంది.

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరెవరి పడవలు లాక్కొచ్చారో తలుచుకుంది. పరాంకుశాన్ని తిట్టుకోబోయింది. తిట్టు రాలేదు. తను తెలివైనదాన్నని అనుకుంటూ ఆ మూర్ఖుడి ఎత్తుకి దిగకూడదని నోరు మూసుకుంది. దిగక్కర్లేకుండానే వాడి పక్కన నిలబడి ఉంది. వాడికి తెలీదు, తనకి తెలుసు. ఇద్దరిలో ఎవరు నీచం?

డైరెక్టరు గదికి వెళ్ళి చెప్పింది. ఒడ్డు నీళ్ళ సంగతి, పటం సంగతి, అన్న ఎక్కడైనా పోయి ఉండొచ్చన్న సంగతి.

పరాంకుశం తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. "అమ్మా, మీ బాధ నాకర్థమవుతుంది. కానీ యంత్రం తప్పంటే ఇప్పటిదాకా వేసిన కేసులేం కావాలి? ఎల్లుండి మంత్రిగారు వస్తున్నారు. బీచిలో ప్రదర్శన. విదేశాల వాళ్ళు కూడా ఉంటారు. అయ్యాక తీరిగ్గా మాట్లాడదాం. మీ అన్నయ్య విషయం నేను మానవతా దృష్టితో చూస్తాను."

"మానవతా దృష్టి అక్కర్లేదు సార్. మామూలు దృష్టి చాలు."

"అయ్యాక మాట్లాడదాం," అన్నాడాయన మళ్ళీ, మంచి పళ్ళతో.

*

బీచిలో షామియానా వేశారు. మంత్రి వచ్చాడు, టీవీలవాళ్ళు వచ్చారు. తాళ్ళు కట్టి జనాన్ని అవతల ఆపారు. ఎప్పటిలాగే బల్ల మీద సీసాలు పేర్చి ఉన్నాయి. వాటి నీళ్ళు మంచి రోజుల్లో తీసి దాచినవి. యంత్రం వాటికి ఎప్పుడూ సరైన జవాబే చెప్తుంది.

నూకరత్నం పొద్దున్నే వచ్చి ఒడ్డు నీళ్ళు మరోసారి చూసుకుంది. నీళ్ళు మారలేదు.

పరాంకుశం మంత్రికి ఆధార్ కథ చెప్తూండగా ఆవిడ దగ్గరికి వెళ్ళి, టీవీవాళ్ళకి కూడా వినపడేట్టు అంది: "సార్, సీసాల్లో నీళ్ళంటే ఎవరో ముందే సర్ది పెట్టారనుకుంటారు. మీరే సముద్రంలో దిగి నిలబడండి. మీ కాళ్ళ దగ్గర నీళ్ళు ముంచి పరీక్షిద్దాం. టీవీలో బాగుంటుంది."

ఆవిడ రెండు రోజుల క్రితం ఏం చెప్పిందో ఆయనకి గుర్తుండి ఉండాలి. కానీ వినడం వేరు, గుర్తుండటం వేరు. టీవీ అన్న మాట చెవిలో పడ్డాక తక్కినవి ఆయన తలలో నిలవవు. ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ మొహంలో ఎప్పుడూ ఉండే తిరస్కారం తప్ప కొత్తగా ఏమీ కనపడలేదు.

"భేషైన ఆలోచన!" అన్నాడు మంత్రి. ఇంక ఆయనకి తప్పలేదు.

బూట్లు విప్పి, ప్యాంటు మడిచి పరాంకుశం నీళ్ళలోకి నడిచాడు. నడుం మీద చేతులు పెట్టుకుని సముద్రాన్ని తనే తవ్వించినట్టు నిలబడ్డాడు. నూకరత్నం చీర కుచ్చిళ్ళు దోపుకుని వెళ్ళి, ఆయన మడమల పక్కన సీసా ముంచింది. తెచ్చి అందరి ఎదుటా యంత్రంలో పోసింది.

మైకులో ఆడగొంతు గలగలా పలికింది: "ఈ నమూనా నిషిద్ధ జలాలలో తీసినది. సంబంధిత వ్యక్తిని అదుపులోకి తీసుకుని, వాహనాన్ని స్వాధీనపరచుకోవలెను."

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తాళ్ళ అవతల నిలబడ్డ మొక్కజొన్న పొత్తుల ఆవిడ విసనకర్ర నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వు పక్కవాళ్ళకి అంటుకుంది.

"మళ్ళీ చెయ్యండి! మళ్ళీ!" అని నీళ్ళలోంచి కేకపెట్టాడు పరాంకుశం. ఇంకో పక్క ముంచింది. యంత్రం మళ్ళీ వాహనాన్ని స్వాధీనపరచుకోమంది. అప్పుడు ఆయన అక్కడి నుంచి ఇటూ, ఇక్కడి నుంచి అటూ జరిగి నిలబడ్డాడు, నాలుగడుగులు జరిగితే నిషిద్ధంలోంచి బయటపడొచ్చన్నట్టు. టీవీలవాళ్ళు ఆ జరగడమంతా తీశారు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు మంత్రి.

"ఆపరేటర్ పొరపాటు సార్! ఆవిడ అన్నగారు పోయారు. మానసికంగా..."

నూకరత్నం సీసా ఒలికించి బల్ల మీద పెట్టింది. "యంత్రం బాగానే ఉంది. నీళ్ళెక్కడివో సరిగ్గానే చెప్పింది. ఆ నీళ్ళు ఇప్పుడు ఇక్కడికొచ్చాయి. మీరు గెజిట్‌లో వేసిన సంగతి వాటికి తెలీదు. ఈ పటం పెట్టుకుని మీరు పట్టిన పడవలన్నీ ఇలా పట్టినవే. మా అన్న కూడా ఇక్కడ, ఈ ఒడ్డున పోయినా యంత్రం ఇదే చెప్పేది."

మంత్రి షామియానాలో ఇంక ఆగలేదు. కార్ల వరస కదిలిపోయింది. పరాంకుశం తడి ప్యాంటుతో ఆ కార్ల వెనక కొంతదూరం పరిగెత్తాడు. ఆయన బూట్లు ఇసకలోనే ఉండిపోయాయి.

*

తర్వాత జరిగింది అందరూ అనుకున్నట్టే జరిగింది. యంత్రాలు రేవుల నుంచి ఎత్తేశారు. పడవల కేసులు కొట్టేశారు. తప్పు చట్టానిది కాదు, పటానిది కాదు, ముందే హెచ్చరించని నిపుణురాలిదని తేలింది. నూకరత్నాన్ని ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. పరాంకుశాన్ని ఢిల్లీలో సముద్రాల మీద వేసిన ఇంకో పెద్ద సంఘంలోకి తీసుకున్నారు. సముద్రాలకి దూరంగా ఉంచడం ఒకరకంగా మంచిదే. పెద్ద ఓడలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. వాటి జోలికి ముందూ ఎవరూ పోలేదు, వెనకా ఎవరూ పోలేదు. పొట్టలు కోసి పారేసిన పేగుల కోసం పక్షులు వాటి చుట్టూ తిరుగుతున్నాయట.

ఎల్లాజీ కుటుంబానికి రావాల్సింది వస్తుందని కబురు తెలిశాక నూకరత్నం కొత్తరేవు వెళ్ళింది. ఆ కబురు తన నోటితో చెప్పాలనుకుంది. దారిలో నాలుగు మాటలు కూర్చుకుంది. పోలమ్మని చూసేసరికి అవి చెత్తగా అనిపించాయి.

పోలమ్మ వాకిట్లో చాప మీద ఎండు చేపలు తిరగేస్తోంది. తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది. "టీవీలో సూసినాను. ఆడెవుడో నీల్లల్లో గంతులేసినాడు. బాగుంది," అంది. బాగున్నట్టు లేదు గొంతు.

"వదినా..."

"ఒకటడుగుతాను. సెప్పు." పోలమ్మ చేతులు దులుపుకుని నిలబడింది. "మీ అన్నకి ఓ ముద్ద అన్నం, సుట్ట, అట్టుకెల్లి నీల్లలో ఒదలాలి. ఆడు పోయినకాడే ఒదలాలంటారు పెద్దోల్లు. కళాసీలని అడిగితే వాన, వాన అంటన్నారు. ఆడి ఎముక నువ్వు సూసినావంట గదా. ఆడి పానం ఏ నీటికాడ పోయింది?"

నూకరత్నం నోరు తెరిచింది. ఏ నాచు ఎక్కడ పుడుతుందో, ఏ కాలంలో ఎటు పోతుందో, ఆవిడ దగ్గర లేని మాట లేదు. కొత్తరేవు నుంచి కనపడే నీళ్ళలో ఏదో ఒక చోటు చూపిస్తే పోలమ్మ నమ్ముతుంది కూడా. అన్నని నమ్మనిదానికి ఇప్పుడు వదినని నమ్మించడానికి ఏం హక్కుంది?

"తెలీదు వదినా," అంది.

"అంత సదివినావు."

"అయినా తెలీదు. అన్న ఎల్లలేదన్నాడు గదా. ఆ మాటే నాను ఇనుకోవలిసింది."

ఆ యాస ఆవిడ నోట విని చాలా ఏళ్ళయింది. పోలమ్మ ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. ఆ చూపులో క్షమించడం లేదు. పాతికేళ్ళుగా చూస్తున్న మనిషిని కొత్తగా కొలుస్తున్నట్టుంది. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

"ఏడిసినట్టుంది," అంది. "మన రేవులోనే ఒదిలేద్దాం. తినాల్సినోడు, దారి ఆడే ఎతుక్కుంటాడు. నువ్వూ రా, పక్కింటోల్ల పడవ తొయ్యాలి. మనుసులు సాలరు."

నూకరత్నం చెప్పులు విప్పి అరుగు పక్కన పెట్టింది. ఇద్దరూ రేవు వైపు నడిచారు. పడవ బరువుగా ఉంది. భుజం ఆనించి తోస్తూ, ఎటు తొయ్యాలో పోలమ్మని అడిగి తెలుసుకుంది.